వాయువు వేగంతో మహా కృష్ణబిలాన్ని తూచడం ఎలా: మొదటి లెక్క నుంచి చివరి అంకె దాకా

1993 డిసెంబరులో వ్యోమగాములు హబుల్ టెలిస్కోప్ చూపును సరిచేసి వచ్చారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 1994 మే నెలలో, హాలండ్ ఫోర్డ్, రిచర్డ్ హార్మ్స్ బృందం ఎం87 గెలాక్సీ నడిమధ్య తీసిన కొలతలను ప్రకటించింది. కేంద్రం నుంచి సుమారు 18 పార్సెక్‌ల దూరంలో, అంటే దాదాపు 60 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక పక్క వాయువు మనవైపు సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. అవతలి పక్క వాయువు అంతే వేగంతో మన నుంచి దూరంగా పోతోంది. అంత వేగంగా తిరిగే వాయువు చెదిరిపోకుండా నిలవాలంటే, లోపల 240 కోట్ల సూర్యులంత ద్రవ్యరాశి ఉన్న మహా కృష్ణబిలం ఉండాలని వాళ్లు లెక్కగట్టారు.

ఆ లెక్క మీరూ ఇప్పుడే, ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో చేయగలరు. సూత్రం ఒక్క వరుసే. అసలు శ్రమంతా ఆ సూత్రంలో వేసే వేగాన్ని, దూరాన్ని నిజం చేయడంలో ఉంది. ముఖ్యంగా వాయువు డిస్క్, అంటే కేంద్రం చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరిగే వాయువు, మనకు ఎంత వాలుగా ఉందన్నది తప్పుగా పట్టుకుంటే జవాబు రెట్టింపు మారిపోతుంది. ఈ మార్గదర్శిలో అన్ని అడుగులూ ఉన్నాయి కానీ ఆ వాలు దగ్గర, దాని తర్వాత మోడల్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. జవాబు నిలబడేదీ కూలేదీ అక్కడే.

ముందు ఆ ఒక్క వరుస

గుండ్రటి కక్ష్యలో తిరిగే వాయువుకు:

ద్రవ్యరాశి = వేగం × వేగం × దూరం ÷ 0.0043

వేగాన్ని సెకనుకు కిలోమీటర్లలో, దూరాన్ని పార్సెక్‌లలో వేస్తే జవాబు సూర్యుల లెక్కలో వస్తుంది. 0.0043 అన్నది ఈ కొలమానాలలో న్యూటన్ గురుత్వ స్థిరాంకం.

ఎం87తో చూద్దాం. మనకు కనపడే 500 అసలు వేగం కాదు. అది వేగంలో మన చూపు దిశలో పడే భాగం మాత్రమే. డిస్క్ వాలు 42 డిగ్రీలని ఆనాటి బృందం తీసుకుంది. 42 డిగ్రీల సైన్ విలువ 0.669. 500ను దానితో భాగిస్తే అసలు వేగం దాదాపు 747. ఇప్పుడు 747 × 747 × 18 ÷ 0.0043 చేయండి. సుమారు 234 కోట్లు వస్తుంది. పూర్తి విశ్లేషణ ఇచ్చిన 240 కోట్లకు ఎంత దగ్గరగా ఉందో చూశారుగా.

అడుగు 1: తూచడానికి వీలైన గెలాక్సీని ఎంచుకోండి

కృష్ణబిలం ఎంత పెద్దదైనా, దాని గురుత్వం పైచేయిగా ఉండే ప్రాంతం గెలాక్సీలో చాలా చిన్నది. ఆ పరిధి దాటాక నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశే వాయువును తిప్పుతుంది. ఈ ప్రభావ పరిధిని అంచనా వేయడానికి తేలిక పద్ధతి ఉంది: కృష్ణబిలం ద్రవ్యరాశిని 0.0043తో గుణించి, గెలాక్సీ నడిమిలోని నక్షత్రాల వేగాల చెదురు వర్గంతో భాగించండి. చెదురు అంటే ఆ నక్షత్రాల వేగాలు సగటు చుట్టూ ఎంత అటూఇటూగా ఉన్నాయో చెప్పే అంకె.

ఇంకా తూచని కృష్ణబిలం ద్రవ్యరాశి ముందే ఎలా తెలుస్తుందని అడగవచ్చు. ఖచ్చితంగా తెలియదు. అయితే నక్షత్రాల వేగాల చెదురుకూ కృష్ణబిలం ద్రవ్యరాశికీ మధ్య బలమైన సంబంధం ఉందని 2000లో రెండు బృందాలు చూపించాయి. ఆ సంబంధం నుంచి ఒక ముందస్తు అంచనా తీసుకుంటే ఈ దశకు చాలు.

ఉదాహరణకు ఎన్‌జీసీ 1332 గెలాక్సీ. మనకు సుమారు 22.3 మెగాపార్సెక్‌ల దూరం, అంటే 7 కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. అక్కడ చెదురు సెకనుకు దాదాపు 328 కిలోమీటర్లు. కృష్ణబిలం 66 కోట్ల సూర్యులంత అనుకుంటే ప్రభావ పరిధి సుమారు 26 పార్సెక్‌లు. అంత దూరం నుంచి ఆకాశంలో అది కేవలం 0.24 ఆర్క్‌సెకండ్లుగా కనిపిస్తుంది (ఆర్క్‌సెకండ్ అంటే ఒక డిగ్రీలో 3,600వ వంతు). మీ టెలిస్కోప్ ఇంతకంటే సన్నటి వివరం చూడలేకపోతే ఆ గెలాక్సీని పక్కన పెట్టడం మేలు. నా మాటగా ఇంకొంచెం గట్టిగా చెబుతాను: పరిధి లోపల కనీసం రెండు మూడు కొలత బిందువులు పడకపోతే, వచ్చే అంకె మీద పెద్దగా భరోసా పెట్టుకోకండి.

రెండో షరతు, వాయువు బుద్ధిగా తిరుగుతూ ఉండాలి. హబుల్ చిత్రాలలో గెలాక్సీ నడుమ గుండ్రంగా, అంచులు నున్నగా ఉన్న చిన్న ధూళి డిస్క్ కనిపిస్తే అది మంచి గుర్తు. ధూళి చిందరవందరగా, పోగులు పోగులుగా ఉంటే వాయువు కూడా అలాగే ఉంటుంది.

అడుగు 2: ఏ వాయువును పట్టుకోవాలి?

మూడు దారులు ఉన్నాయి.

వేడెక్కి అయాన్లుగా మారిన వాయువు హైడ్రోజన్, నైట్రోజన్ రేఖల్లో, అంటే ఆ మూలకాలకే సొంతమైన నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల్లో, వెలుగుతుంది. వీటిలో ప్రసిద్ధమైన హైడ్రోజన్ ఆల్ఫా రేఖ 656.28 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఎం87ను తూచింది ఇలాంటి వేడి వాయువుతోనే. దీని ఇబ్బంది ఏమిటంటే, ఇది గురుత్వానికి మాత్రమే లొంగదు. కృష్ణబిలం వెదజల్లే గాలులు, ప్రవాహాలు, కల్లోలం దీన్ని నెట్టేస్తాయి.

చల్లటి అణు వాయువు ఇంతకంటే నెమ్మదస్తురాలు. కార్బన్ మోనాక్సైడ్ అణువు 230.538 గిగాహెర్ట్జ్ దగ్గర పంపే రేడియో సంకేతాన్ని పట్టుకుంటారు. ఈ వాయువులో కల్లోలం సాధారణంగా సెకనుకు పది ఇరవై కిలోమీటర్లే, తిరిగే వేగం మాత్రం వందల్లో ఉంటుంది. అందుకే డిస్క్ పలచగా, క్రమంగా ఉంటుంది. ఈ పద్ధతితో కృష్ణబిలాన్ని తూచవచ్చని 2013లో టిమొతీ డేవిస్ బృందం ఎన్‌జీసీ 4526 గెలాక్సీలో చూపించింది. కాలిఫోర్నియాలోని కార్మా టెలిస్కోపుల వరుసతో వాళ్లు రాబట్టిన అంకె సుమారు 45 కోట్ల సూర్యులు. ఇప్పుడు ఈ పనికి పెద్ద దిక్కు చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపుల వరుస. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను సూచించేది కూడా ఈ దారినే.

మూడోది నీటి మేజర్లు. కృష్ణబిలానికి చాలా దగ్గరగా ఉన్న నీటి ఆవిరి 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర లేజర్ మాదిరిగా బలపడిన సంకేతాన్ని పంపుతుంది. ఖచ్చితత్వంలో దీన్ని మించింది లేదు. కానీ డిస్క్ మనకు దాదాపు పూర్తిగా పక్క నుంచి కనపడితేనే ఆ సంకేతం అందుతుంది, కాబట్టి ఇలాంటి గెలాక్సీలు అరుదు.

అడుగు 3: డేటా తెచ్చుకోండి

ఆల్మా పరిశీలనలు మామూలుగా 12 నెలల తర్వాత అందరికీ తెరుచుకుంటాయి. ఆల్మా ఆర్కైవ్‌లో గెలాక్సీ పేరుతో వెతికి ఉచితంగా దించుకోవచ్చు. హబుల్ చిత్రాలకూ అలాంటి బహిరంగ ఆర్కైవ్ ఉంది. రేడియో డేటాను శుద్ధి చేయడానికి వాడే కాసా సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మంచి కంప్యూటర్, ఓపిక ఉంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డిగ్రీ చదివే విద్యార్థి కూడా నిపుణులు వాడే అదే డేటాతో పని చేయవచ్చు.

చేతికి వచ్చేది క్యూబ్. రెండు దిశలు ఆకాశంలోని స్థానం, మూడోది ఫ్రీక్వెన్సీ. వాయువు మనవైపు వస్తే దాని సంకేతం ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దూరంగా పోతే తగ్గుతుంది కాబట్టి ఒక్కో పొర ఒక్కో వేగంతో కదిలే వాయువు చిత్రం. పొరలను వరుసగా తిప్పి చూడండి. మనవైపు వచ్చే వాయువు డిస్క్ ఒక కొసన మొదలై, మధ్యకు జరిగి, రెండో కొసకు చేరుతుంది. ఏ ప్రోగ్రామూ నడపకముందే ఈ కదలికను కళ్లతో చూడటం చాలా అవసరం. మెలికలు, ఎటూ కలవని ముద్దలు, మధ్యలో ఖాళీ, ఇవన్నీ ఇక్కడే బయటపడతాయి. మధ్యలో వాయువే లేకపోతే, ప్రభావ పరిధి లోపలి సమాచారం మీ దగ్గర లేనట్టే.

అడుగు 4: ఫ్రీక్వెన్సీ నుంచి వేగానికి

సెకనుకు 500 కిలోమీటర్ల వేగం హైడ్రోజన్ ఆల్ఫా రేఖను సుమారు 1.09 నానోమీటర్లు, కార్బన్ మోనాక్సైడ్ రేఖను సుమారు 0.38 గిగాహెర్ట్జ్ జరుపుతుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. రేడియో వాళ్లు, ఆప్టికల్ వాళ్లు ఈ జరుగుబాటును వేగంగా మార్చే సూత్రాలు వేరు. సెకనుకు 5,000 కిలోమీటర్ల వేగంతో దూరమయ్యే గెలాక్సీలో ఆ తేడా 80 కిలోమీటర్లు దాటుతుంది. క్యూబ్ ఏ పద్ధతిలో ఉందో ముందే చూసుకుని, చివరిదాకా అదే పాటించండి.

తర్వాత గెలాక్సీ మొత్తం దూరమయ్యే వేగాన్ని తీసేయండి. డిస్క్ పొడుగు అక్షం వెంట క్యూబ్‌ను కోసి, ఒక వైపు స్థానం, మరో వైపు వేగం పెట్టి చిత్రం గీయండి. నక్షత్రాలు మాత్రమే ఉన్న గెలాక్సీలో కేంద్రం వైపు వెళ్లే కొద్దీ వేగం సున్నాకు పడిపోవాలి. కృష్ణబిలం ఉంటే, కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ వేగం పైకి లేస్తుంది: దూరం నాలుగో వంతు అయితే వేగం రెట్టింపు. సూర్యుడి చుట్టూ గ్రహాలు పాటించే కెప్లర్ నియమమే అది. చిత్రంలో రెండు కొసలు అలా విచ్చుకోవడం కనిపిస్తే మీరు సరైన చోటే ఉన్నారు.

అడుగు 5: వాలు

గుండ్రటి పళ్లేన్ని వాల్చి పట్టుకుంటే కోడిగుడ్డు ఆకారంలో కనపడుతుంది కదా. డిస్క్ కూడా అంతే. దాని వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చేది వాలు కోణం కొసైన్. ఎదురుగా నిండుగా కనిపిస్తే వాలు సున్నా, పూర్తిగా పక్క నుంచి కనిపిస్తే 90 డిగ్రీలు.

ఈ కోణం ఎంత ప్రమాదకరమో అంకెల్లో చూడండి. ద్రవ్యరాశి లెక్కలో సైన్ వర్గం విభాజకంగా ఉంటుంది. వాలు 75 డిగ్రీలకు బదులు 70 అనుకుంటే ద్రవ్యరాశి 6 శాతం మారుతుంది. అదే 25కు బదులు 20 అనుకుంటే 50 శాతానికి పైగా పెరుగుతుంది. పొరపాటు రెండు చోట్లా అయిదు డిగ్రీలే.

ఎం87 దగ్గరికి మళ్లీ వెళ్దాం. 2011లో కార్ల్ గెబ్‌హార్ట్ బృందం అక్కడి నక్షత్రాల కదలికలతో 660 కోట్లు రాబట్టింది. 2013లో జొనెల్ వాల్ష్ బృందం హబుల్‌తోనే వాయువును మరింత బాగా కొలిచి 350 కోట్లు అంది. ఒకే కృష్ణబిలానికి దాదాపు రెట్టింపు తేడా. 2019 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ తీసిన ఆ కృష్ణబిలం నీడ చిత్రం వచ్చింది. ఆ నీడ పరిమాణం ద్రవ్యరాశికి అనుపాతంలో ఉంటుంది. దాని నుంచి వచ్చిన అంకె 650 కోట్లు. అంటే నక్షత్రాల లెక్క నిలిచింది, వాయువు లెక్క తక్కువ చూపింది.

ఎందుకు? పైన వేసిన చిన్న లెక్కలోనే వాలును 42 నుంచి 25 డిగ్రీలకు మార్చండి. సైన్ విలువ 0.423, అసలు వేగం దాదాపు 1,180. ద్రవ్యరాశి 580 కోట్లు దాటుతుంది. కొలిచిన 500 మాత్రం ఏమీ మారలేదు. 2023లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ మీది మ్యూజ్ పరికరంతో ఈ వాయువును మళ్లీ పరిశీలించిన బృందం కూడా, 42 డిగ్రీలు, 350 కోట్లు అనే జంట కంటే 25 డిగ్రీలు, 600 కోట్లు అనే జంటే బాగా సరిపోతుందని తేల్చింది. అక్కడి వాయువు కదలిక సాదా డిస్క్ కంటే చిక్కుగా ఉందని కూడా చూపింది. బయటి వాయువు ఒక వాలులో, లోపలి వాయువు ఇంకో వాలులో ఉండవచ్చు. అందుకే చిత్రం ఆకారం నుంచి తీసిన వాలును మొదటి అంచనాగా మాత్రమే వాడండి. అసలు విలువను వేగాల నుంచే రాబట్టాలి.

పక్క నుంచి కనిపించే డిస్క్ అయితే వాలు సమస్య తీరుతుంది కానీ మరో చిక్కు వస్తుంది. ఎన్‌జీసీ 1332 వాలు 84 డిగ్రీల దగ్గర ఉంది. ప్రభావ పరిధి పొడుగు దిశలో 0.24 ఆర్క్‌సెకండ్లు ఉన్నా, అడ్డంగా నొక్కుకుపోయి 0.025కు తగ్గుతుంది. అడ్డ దిశలో ముందువైపు వాయువు, వెనకవైపు వాయువు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎంచుకునే వీలుంటే 45 నుంచి 75 డిగ్రీల మధ్య ఉన్న డిస్క్‌ను తీసుకోమని చెబుతాను.

అడుగు 6: నక్షత్రాల వాటా తీసేయండి

కక్ష్య లోపల ఉన్న నక్షత్రాలు కూడా వాయువును లాగుతాయి. హబుల్ పరారుణ చిత్రంలో వెలుగు ఎలా పరుచుకుందో కొలిచి, అనేక గాసియన్ (గంట ఆకారపు) వక్రాల మొత్తంగా రాస్తారు. మికేలె కపెల్లారి ఇచ్చిన పైథాన్ ప్రోగ్రామ్ ఈ పనికి బాగా వాడుకలో ఉంది. ఆ వెలుగును ద్రవ్యరాశిగా మార్చే గుణకాన్ని ముందే నిర్ణయించకుండా, కృష్ణబిలంతోపాటే మోడల్‌లో తేలనివ్వండి. ధూళి మధ్యలోని వెలుగును మింగేస్తే నక్షత్రాలు తక్కువగా కనపడతాయి, ఆ లోటంతా కృష్ణబిలం ఖాతాలో పడుతుంది. ధూళి ఉన్న భాగాన్ని కప్పేసి ఒకసారి, కప్పకుండా ఒకసారి చేసి తేడా చూడండి.

అడుగు 7: మోడల్ కట్టి, దాన్ని మసకబార్చి, క్యూబ్‌తో పోల్చండి

వేగాల పటాన్ని నేరుగా కొలిచి సూత్రంలో వేయడం మొదటి అంచనాకు మాత్రమే పనికొస్తుంది. కారణం టెలిస్కోప్ మసక. ఆల్మా దగ్గర దీన్ని బీమ్ అంటారు. కేంద్రం దగ్గర ఒకే బీమ్ లోపల వచ్చే వాయువు, పోయే వాయువు, వేగమైనది, నెమ్మదైనది అన్నీ కలిసిపోతాయి. సగటు తీస్తే వేగం అసలు కంటే తక్కువగా వస్తుంది. అలా వచ్చిన వేగంతో లెక్కిస్తే కృష్ణబిలం అసలు కంటే తేలిగ్గా తేలుతుంది.

దీనికి విరుగుడు, డేటాను సరిచేసే ప్రయత్నం మానేసి మోడల్‌నే మసకబార్చడం. పని ఇలా సాగుతుంది. ముందు కృష్ణబిలం, నక్షత్రాలు కలిసి ఇచ్చే తిరిగే వేగాన్ని ప్రతి దూరానికీ లెక్కించండి. ఆ వేగాలతో ఒక పలచటి డిస్క్‌ను పిక్సెల్ కంటే సన్నటి గడులతో కట్టండి. వాలు, దిశ ప్రకారం ఆకాశంలోకి తిప్పండి. ప్రతి గడికీ ఆ చోట కనిపించిన వాయువు వెలుగును బట్టి బరువు ఇవ్వండి. ఈ బరువు మరిచిపోతే, మసకలో ఏ వాయువు ఎక్కువ వినపడుతుందో మోడల్‌కు తెలియదు. వాయువు సొంత కల్లోలాన్ని చేర్చండి. అప్పుడు బీమ్‌తో మసకబార్చి, అసలు డేటాకు ఉన్నన్ని పొరలుగా కోయండి. ఇప్పుడు చేతిలో ఒక కృత్రిమ క్యూబ్ ఉంటుంది. దాన్ని అసలు క్యూబ్‌తో ప్రతి పొర, ప్రతి పిక్సెల్ పోల్చండి. డేవిస్ బృందం విడుదల చేసిన కిన్‌ఎంఎస్ అనే పైథాన్ ప్రోగ్రామ్ ఇందులో చాలా భాగం చేసిపెడుతుంది.

తేలనివ్వాల్సిన విలువలు మామూలుగా తొమ్మిది పది ఉంటాయి: కృష్ణబిలం ద్రవ్యరాశి, నక్షత్రాల గుణకం, వాలు, అక్షం దిశ, కేంద్రం స్థానం రెండు దిశల్లో, గెలాక్సీ వేగం, కల్లోలం, మొత్తం వెలుగు. మార్కోవ్ గొలుసు పద్ధతితో, అంటే విలువలను యాదృచ్ఛికంగా కొద్దికొద్దిగా మారుస్తూ బాగా సరిపోయే చోట్ల ఎక్కువసేపు తిరిగే పద్ధతితో, వెతికితే, ఉత్తమ జవాబుతోపాటు ఏ విలువ ఏ విలువతో ముడిపడి ఉందో కూడా తెలుస్తుంది. కృష్ణబిలం ద్రవ్యరాశిని ఒక వైపు, నక్షత్రాల గుణకాన్ని మరో వైపు పెట్టి గీసిన చిత్రంలో సరిపోయే విలువలు ఏటవాలు మచ్చగా కనిపిస్తే, డేటా ఆ రెంటినీ విడదీయలేకపోతోందన్న మాట.

మసక ఎంత తేడా తెస్తుందో ఎన్‌జీసీ 1332 చెబుతుంది. ఆరన్ బార్త్ బృందం మొదట ఆల్మాతో 0.3 ఆర్క్‌సెకండ్ల మసకలో చూసినప్పుడు, మోడల్‌లో కల్లోలాన్ని ఎలా రాశామన్న దాన్ని బట్టి జవాబు 40 కోట్ల నుంచి 80 కోట్ల దాకా ఊగింది. తర్వాత 0.044 ఆర్క్‌సెకండ్ల స్పష్టతతో చూశారు. 66.4 కోట్లు, పది శాతం అటూఇటూ. రెండూ 2016లోనే వెలువడ్డాయి. అంతకుముందు అదే గెలాక్సీకి నక్షత్రాల పద్ధతి 145 కోట్లు, ఎక్స్‌రే వాయువు పద్ధతి 52 కోట్లు ఇచ్చాయి.

డిస్క్ చదునుగా లేకపోతే దాన్ని వేర్వేరు వాలుల్లో ఉన్న ఉంగరాలుగా కట్టాలి. ఎన్‌జీసీ 3258లో బెంజమిన్ బోయిజెల్ బృందం 2019లో చేసింది అదే. అక్కడ తేలింది దాదాపు 225 కోట్లు.

అడుగు 8: పొరపాటు అవధి

పక్కపక్కన ఉన్న పిక్సెళ్లు ఒకే బీమ్‌లో పడతాయి కాబట్టి అవి విడివిడి కొలతలు కావు. అన్నింటినీ విడిగా లెక్కిస్తే పొరపాటు అవధి నమ్మశక్యం కానంత చిన్నగా వస్తుంది. బీమ్ పరిమాణం దాకా పిక్సెళ్లను కలిపి పోల్చడం సరళమైన పరిష్కారం.

దూరంలోని పొరపాటు నేరుగా ద్రవ్యరాశిలోకి వస్తుంది. గెలాక్సీ 10 శాతం ఎక్కువ దూరంలో ఉంటే కృష్ణబిలం కూడా 10 శాతం పెద్దదవుతుంది. దీన్ని గణాంక పొరపాటుతో కలిపేయకుండా విడిగా రాయండి. ధూళి, కల్లోలం, వాలు గురించిన ఊహలను ఒక్కొక్కటిగా మార్చి మళ్లీ నడపండి. నా దృష్టిలో ఈ మార్పులే అసలు పొరపాటు అవధి, ప్రోగ్రామ్ ముద్రించేది దానిలో ఒక ముక్క మాత్రమే.

అడుగు 9: జవాబు తెలిసిన గెలాక్సీ మీద సాధన

కొత్త గెలాక్సీని ముట్టుకునే ముందు ఎన్‌జీసీ 4258 మీద చేయి తిప్పుకోండి. దీన్నే ఎం106 అని కూడా అంటారు. జపాన్‌లోని నొబెయామా 45 మీటర్ల టెలిస్కోప్‌తో 1993లో నకాయ్, ఇనొవె, మియోషి అక్కడి నీటి మేజర్లలో సెకనుకు వెయ్యి కిలోమీటర్ల దాకా వేగాలను కనుగొన్నారు. 1995లో మియోషి బృందం అమెరికా అంతటా పరుచుకున్న పది రేడియో టెలిస్కోపులతో ఆ మేజర్ల స్థానాలను గుర్తించింది. వేగాలు కెప్లర్ నియమాన్ని ఎంత చక్కగా పాటించాయంటే, ఒక శాతం లోపు తేడానే మిగిలింది.

లోపలి మేజర్ల దూరం సుమారు 0.14 పార్సెక్, వేగం సుమారు 1,100. డిస్క్ దాదాపు పక్క నుంచి కనపడుతుంది కాబట్టి సైన్ విలువను ఒకటి అనుకోవచ్చు. 1,100 × 1,100 × 0.14 ÷ 0.0043 చేస్తే 3.9 కోట్లు వస్తుంది. ఈనాటి అంగీకృత విలువ కూడా దాదాపు 4 కోట్లే.

మీ ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ఇంకో మంచి పద్ధతి: మీరే ఒక ద్రవ్యరాశి పెట్టి కృత్రిమ క్యూబ్ తయారు చేసి, దానికి నాయిస్ చేర్చి, మీ పద్ధతితో మళ్లీ రాబట్టండి. పెట్టింది తిరిగి రాకపోతే లోపం ఎక్కడుందో వెతకండి. ఎక్కువసార్లు అది బీమ్ దిశ దగ్గరో, కేంద్రం అర పిక్సెల్ జరగడం దగ్గరో దొరుకుతుంది.

చివరికి ఫలితం రాసేటప్పుడు ద్రవ్యరాశి పక్కనే మీరు వాడిన దూరం, వాలు, బీమ్ పరిమాణం, నక్షత్రాల గుణకం తప్పకుండా రాయండి. దూరం కొలత రేపు మెరుగుపడితే చదివేవాళ్లు మీ అంకెను ఒక్క గుణకారంతో సవరించుకోగలుగుతారు. వాలు మారితే, కనీసం ఎటువైపు ఎంత కదులుతుందో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.